పెంకు మీది 1865

(పాత గోడల వెంట: బోనకల్ దారిలో ఒక మిషన్ బడి)

మేస్త్రి పెంకును తిరగేసి నా చేతిలో పెట్టాడు. అడుగున మసి, సాలెగూడు, ఎండిన కందిరీగ మట్టి. అరచేత్తో రుద్దితే ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి: బాసెల్ మిషన్ టైల్ వర్క్స్. వాటి పక్కన 1865.

"ఇంకేంది సారూ, రాసే ఉందిగా! బడి కట్టింది పద్దెనిమిది వందల అరవై అయిదులో" అన్నాడు మేస్త్రి నిచ్చెన మీది నుంచే. కింద వేపచెట్టు మొదట్లో కూర్చున్న పెద్దాయన తల ఊపాడు. "మా నాయన కూడా అదే చెప్పేవోడయ్యా. తెల్లదొర పెంకు మీద తారీకు కొట్టించి పోయిండంట."

బోనకల్ చుట్టుపక్కల పల్లెల్లో అది ఒకటి. పేరు చెప్పను, చెబితే పక్క ఊరివాళ్లు తమ బడే పాతదని తగువుకు వస్తారు. ఒకే ఒక పొడవాటి గది, ముందు వసారా, రెండువైపులా వాలు కప్పు. చాలాకాలం బడి, ఆదివారాల్లో గుడి కూడా. ఇప్పుడు రెండూ కాదు. పక్కన స్లాబు వేసిన కొత్త చర్చి వచ్చింది, రోడ్డు అవతల సర్కారు బడి ఉంది. ఈ గదిలో షామియానా గుంజలు, విరిగిన కుర్చీలు, క్రిస్మస్ నక్షత్రం పెట్టుకుంటున్నారు.

పెద్దాయన మాటను అక్కడే కాదనడానికి నోరు రాలేదు గానీ, ఆ 1865 బడి పుట్టిన సంవత్సరం కాదు, పెంకు పుట్టిన సంవత్సరం. అంటే ఆ పెంకుల కార్ఖానా పుట్టిన సంవత్సరం. స్విట్జర్లాండులోని బాసెల్ నగరం నుంచి వచ్చిన మిషనరీలు పడమటి తీరంలో మంగుళూరు దగ్గర, నేత్రావతి ఒడ్డున, 1865లో పెంకుల కార్ఖానా పెట్టారు. దాని వెనక ఉన్న మనిషి జార్జ్ ప్లెబ్‌స్ట్ అనే జర్మన్ మిషనరీ. మతం మారి కులవృత్తికీ ఊరికీ దూరమైనవాళ్లకు కూలి చూపించాలన్నది వాళ్ల అవసరం. నదిలో మంచి బంకమట్టి ఉంది, కాల్చడానికి కట్టె ఉంది. మరలో ఒత్తి తీసిన ఆ పెంకుకు అంచున గాడి ఉంటుంది. ఒక దాని గాడిలో ఇంకొకటి కూర్చుంటుంది. మన కుమ్మరి సారె మీద తీసిన గూనపెంకును ప్రతి వానాకాలానికీ ముందు ఎక్కి సర్దుకోవాలి, కోతి దూకితే చెదిరిపోతుంది. ఇది అలా కాదు. చదరపు మీటరుకు పదిహేను పెంకులు చాలు, కప్పు బరువు తగ్గుతుంది, దూలాలు సన్నవి వేసుకోవచ్చు. అందుకే అది కొచ్చి నుంచి కలకత్తా దాకా పాకింది. మన వైపు దాన్ని బెంగుళూరు పెంకు అనడం ఎలా వచ్చిందో గానీ, ఊరు మారినా పెంకు మారలేదు.

కార్ఖానా తన పుట్టుక సంవత్సరాన్నే తరతరాలుగా అచ్చులో ఉంచుకుంది. పక్కనే పుట్టిన ఆల్బుకర్క్ కంపెనీ పెంకుల మీద 1868 ఉంటుంది. ఈ రెండు అంకెలూ ఆంధ్ర, తెలంగాణ, తమిళ దేశాల్లో ఎన్ని వందల కట్టడాల వయసు పెంచాయో లెక్కలేదు. తాలూకా కచేరీలు, సత్రాలు, జమీందారు బంగళాలు, చివరికి ఒక ధాన్యం గోడౌను కూడా 1865లో కట్టారని నాకు చూపించినవాళ్లు ఉన్నారు.

పెంకు అబద్ధం చెప్పిందని కాదు, మనం దాన్ని అడగాల్సిన ప్రశ్న వేరు. దాని మీద ఏ సంవత్సరం ఉంది అని కాదు, ఎవరి పేరు ఉంది అని అడగాలి. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక బాసెల్ మిషన్ వారి కార్ఖానాలను శత్రుదేశం ఆస్తి కింద బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుంది. యుద్ధం ముగిశాక అవి కామన్‌వెల్త్ ట్రస్ట్ అనే సంస్థ చేతికి పోయాయి. కాబట్టి పెంకు మీద బాసెల్ మిషన్ అని ఉంటే అది యుద్ధానికి ముందటి సరుకని, ట్రస్ట్ పేరుంటే తరువాతిదని మోటుగా ఒక గీత గీసుకోవచ్చు. మోటుగానే. పాత కప్పు విప్పి కొత్త ఇంటికి వాడుకోవడం మనవాళ్లకు అలవాటు గనక పెంకు ఒక్కదాన్నే నమ్మి తీర్పు చెప్పకూడదు.

ఇంకో గీత రైలు గీసింది. మంగుళూరు నుంచి అంత బరువు, అంత పెళుసు సరుకు బండ్ల మీద బోనకల్ దాకా వచ్చే మాటే లేదు. సికింద్రాబాదు నుంచి వరంగల్ వరకు 1886లో రైలు వచ్చింది. సింగరేణి బొగ్గు కోసం డోర్నకల్ నుంచి ఇల్లందు వైపు 1888లో ఒక పాయ చీలింది. 1889లో అసలు దారి బెజవాడను అందుకుంది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అనే ఆ దారి మీదిదే మన బోనకల్ స్టేషను. 1889కి ముందు ఈ పల్లెల్లో కప్పు అంటే తాటాకో, రెల్లుగడ్డో, కలిగినవాడైతే గూనపెంకో. మంగుళూరు పెంకు వేసిన కప్పు ఈ వైపు ఎక్కడ కనిపించినా అది రైలు తరువాతి కప్పు. గోడలు అంతకన్నా పాతవి కావచ్చు, అది వేరే సంగతి.

ఇక గోడలు. అడుగున్నర మందం. గీతలు పడిన చోట గోరుతో గీకితే మట్టి రాలలేదు, గుల్ల సున్నం పొడి రాలింది. గుండ్రటి కాలవ తవ్వి, అందులో రాతి చక్రం పెట్టి, ఎడ్లను కట్టి సున్నం, ఇసుక కలిపి రోజుల తరబడి తొక్కించేవారు. గానుగ సున్నం అంటే అదే. బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు పోసేవారు. పెద్దాయన చిన్నప్పుడు ఆ కాలవలో బెల్లం వాసనకు చీమలు బారులు తీరేవని ఎవరో చెప్పగా విన్నాడట. ఇప్పుడు ఆ గోడకు సిమెంటు పూశారు. సున్నపు గోడ ఊపిరి తీసుకుంటుంది, తడిని పీల్చి ఎండకు వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే తడి లోపలే ఉండిపోతుంది. పూసిన మూడో వానాకాలానికి పెచ్చులుగా లేచింది. పాత కట్టడానికి పాత మందే వేయాలని చెబితే, సున్నం తొక్కేవాళ్లేరి సారూ అన్నాడు మేస్త్రి. సమాధానం చెప్పలేకపోయాను.

గది లోపల చూడండి. తూర్పు గోడ వైపు జానెడు ఎత్తు మెట్టు, గది వెడల్పంతా. వారమంతా అది పంతులుగారి కుర్చీ వేసే చోటు. ఆదివారం అదే బలిపీఠం ఉండే చోటు. మెట్టు వెనక గోడ మీద నల్లరంగు పలక, పూతల కింద ఇప్పటికీ అంచులు కనబడతాయి. బల్లలు ఎన్నడూ లేవు. పిల్లలు గచ్చు మీద కూర్చుని ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు, పెద్దలు ఆదివారం అదే గచ్చు మీద కూర్చునేవారు. కిటికీలు మనిషి ఎత్తుకు పైన. గాలి, వెలుతురు రావాలి గానీ బయట ఆడే పిల్లల వైపు లోపలి పిల్లల కన్ను పోకూడదు. ఈ కిటికీ ఎత్తును పెట్టినవాడు కచ్చితంగా పంతులే అయ్యుంటాడు, ఇంజనీరు కాదు.

వసారా చూరుకు ఒక రైలుపట్టా ముక్క వేలాడుతోంది. బోల్టు రంధ్రంలో తీగ దూర్చి కట్టారు. మేస్త్రి సుత్తితో ఒక్కటి కొట్టాడు. మోత రోడ్డు దాటి వెళ్లింది. ఈ రైలు దారి పొడుగునా ఊళ్లలో బడి గంట అదే. కంచు గంట కొనే స్తోమత పెద్ద మిషన్ కేంద్రాలకు ఉంటుంది, పల్లెకు పట్టా ముక్క.

ఇంత చెప్పినా ఆ గది ఎక్కడ ఉందన్నది చెప్పకపోతే కథ సగమే. అది ఊళ్లో లేదు. ఊరికి అవతల, వాడలో ఉంది. బందరులో రాబర్ట్ నోబుల్ 1843లో బడి తెరిచినప్పుడు ఆయన చూపు పట్టణంలోని పైకులాల పిల్లల మీద. వాళ్లు కలిస్తే మిగతా సమాజం కలుస్తుందని ఆయన లెక్క. ఆ లెక్క తేలకముందే పల్లెల్లో కథ కింది నుంచి నడిచింది. మాల, మాదిగ కుటుంబాలు గుంపులు గుంపులుగా వచ్చాయి. ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1876-78 కరవులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు పని చూపాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ బాప్టిస్టులు తరువాత నిజాం రాజ్యంలోకి వచ్చి మధిరలో కూడా కేంద్రం పెట్టారు. బెజవాడ నుంచి ఇంగ్లండు (ఆంగ్లికన్) సంఘానికి చెందిన చర్చి మిషనరీ సొసైటీ వాళ్లు ఖమ్మంమెట్టుకు చేరారు. అంటే బోనకల్ చుట్టూ రెండు సంఘాల దారులు కలుస్తున్నాయి. గదిని చూసి ఏ సంఘమో పోల్చుకోవడానికి ఒక చిట్కా: తూర్పు మెట్టు, బలిపీఠం చోటు ఉంటే ఇంగ్లండు సంఘం వైపు మొగ్గు. బాప్టిస్టులకు దిక్కుతో పని లేదు, నిండు చెరువు దగ్గర్లో ఉంటే చాలు.

ఆ గదులు వాడలో కట్టడం వల్ల ఒక విచిత్రం జరిగింది. ఊరి బడిలో అరుగు కూడా ఎక్కనివ్వని పిల్లలకు సున్నపు గోడలు, పెంకుల కప్పు ఉన్న సొంత గది వచ్చింది. చాలా ఊళ్లలో వాడలో నిలబడ్డ మొదటి పక్కా కట్టడం అదే. పగలు పిల్లలు పశువులు కాస్తారు, పెద్దలు పొలాల్లో ఉంటారు గనక అసలు బడి దీపాలు పెట్టాక మొదలయ్యేది. లాంతరు వెలుతురులో ముందు పాట, తరువాత చదువు, చివర ప్రార్థన. పాటంటే పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనల్లాంటివి. చదవడం రానివాళ్లకు పాటే పుస్తకం. గది మూలన బియ్యం బస్తా ఉండేది. ప్రతి ఇల్లాలూ ఎసట్లో పోసేముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టి ఆదివారం తెచ్చి పోసేది. పంతులుగారి జీతంలో కొంత ఆ బస్తానే.

నిజాం రాజ్యంలో ఈ గదికి ఇంకో విలువ ఉండేది, మన చరిత్రకారులు దాన్ని తగినంత పట్టించుకోలేదని నా ఫిర్యాదు. సర్కారు బడుల్లో చదువు ఉర్దూలో. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూలోనే బోధించింది. తెలుగులో బడి పెట్టుకుందామంటే 1920ల నడుమ ప్రైవేటు బడులకు ముందు అనుమతి కావాలని నిబంధన తెచ్చారు. 1930లో జోగిపేటలో మొదలై 1934లో మూడోసారి ఖమ్మంలో కూడిన ఆంధ్ర మహాసభ మొత్తుకున్న సంగతుల్లో ఈ బడుల బాధ ఒకటి. ఆ రోజుల్లోనే వాడలో, లాంతరు కింద, కూలి పిల్లలు తెలుగు అక్షరాలు దిద్దుతున్నారు. మహాసభ పెద్దల ఉపన్యాసాలు పుస్తకాలకెక్కాయి, వాడలోని ఇసుక మీద రాసినవి మాత్రం మరునాటికి చెరిగిపోయాయి.

ఇక్కడి నుంచి గోదావరి ఒడ్డుకు వెళ్దాం. బోనకల్ గది ఎందుకు అలా ఉందో అర్థం కావాలంటే అడవి అంచున దుమ్ముగూడెంలో ఏం జరిగిందో చూడాలి. ఆ ఊరూ ఈ ఊరూ ఇప్పుడు వేరువేరు జిల్లాల్లో ఉన్నాయి గానీ మొన్నటిదాకా రెండూ ఖమ్మమే. అంతకు ముందైతే రెండు వేరు రాజ్యాలు. గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం ప్రాంతాన్ని నిజాం 1860 ఒప్పందంలో బ్రిటిష్ వారికి ఇచ్చాడు. ముందు మధ్యపరగణాల్లో కలిపారు, 1874లో మద్రాసు రాజధానికి మార్చారు, 1959లో ఖమ్మం జిల్లాకు తెచ్చారు. ఒక తాలూకా ఇన్ని చేతులు మారిందంటే అక్కడి కోయవాడికి ఏ దొర ఎవరో గుర్తుపెట్టుకోవడమే పని.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక దాన్ని కట్టించిన కాటన్ దొర కన్ను నది ఎగువకు పడింది. నాగపూరు వైపు పత్తి పడవల మీద సముద్రానికి రావాలి. నదిలో మూడు చోట్ల రాతి అడ్డంకులు ఉన్నాయి. మొదటిది దుమ్ముగూడెం దగ్గర. అక్కడ ఆనకట్ట, పడవలు దిగడానికి కాలువ, లాకులు కట్టే పని చూసినవాడు కెప్టెన్ ఎఫ్.టి. హేగ్. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి 1861 నుంచి ఇంగ్లండు మిల్లులకు పత్తి కరవైంది గనక ఈ పనికి ఇంకా ఊపు వచ్చింది. హేగ్ గట్టి భక్తుడు. తన కార్యాలయంలో పనిచేసిన వెంకటరామరాజు అనే క్రైస్తవుడితో కలిసి 1860ల మొదట్లోనే కోయల మధ్య బోధన మొదలుపెట్టించాడు. రాజు సర్కారు ఉద్యోగం వదిలి అడవిదారి పట్టాడు, తరువాత గురువుగా అభిషేకం పొందాడు. ఇంజనీరు తెచ్చిన సున్నం, రాయి, మేస్త్రీలు ఒకవైపు, మిషన్ ఒకవైపు. ఆనకట్ట కట్టే చేతులు పక్కనే ఉన్నప్పుడు మిగతా గోడలు లేవడానికి ఎంతసేపు!

కానీ పత్తి పడవలు రాలేదు. 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరింది. పడవకు పని పోయింది. 1871లో పై గోదావరి పనులు ఆపేయమన్నారు. ఇంజనీర్లు వెళ్లిపోయారు, మిషన్ మిగిలింది.

అక్కడ వాళ్లకు ఎదురైన చిక్కు నాకు మహా ఇష్టమైన చిక్కు. కోయలది పోడు సాగు. కొన్నేళ్లు ఒకచోట కొట్టి, కాల్చి, విత్తుకుని, నేల అలిసిపోతే గూడేన్ని లేపుకుని ఇంకోచోటికి పోతారు. రోగం వచ్చి నలుగురు చనిపోయినా ఊరు లేచిపోతుంది. అలాంటివాళ్లకు బడి ఎక్కడ కట్టాలి? మీరు అడుగున్నర గోడలు కడితే పిల్లలు గుట్ట అవతలికి పోతారు. గోడ పాతుకున్నంత గట్టిగా ఊరు పాతుకోదు. మైదానంలో బడి కట్టడమంటే స్థలం వెతకడం, అడవిలో బడి కట్టడమంటే ఊరు కదలకుండా ఆపడం. అందుకే మిషన్ దుమ్ముగూడెంలోనే వేళ్లు దించుకుని, గూడేలకు మనుషులను పంపింది.

1870ల్లో అక్కడికి వచ్చిన జాన్ కేన్ కోయల మధ్యే దశాబ్దాలు గడిపాడు. ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో 1876 మొదలు ఆయన రాసిన వ్యాసాల్లో భద్రాచలం, రేకపల్లి తాలూకాల వాన, పండుగ, పెళ్లి, చావు అన్నీ కనబడతాయి. 1909లో థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేసినప్పుడు కోయల అధ్యాయానికి సగం బలం కేన్ ఇచ్చినదే. లిపి లేని కోయ మాటను తెలుగు అక్షరాల్లోకి ఎత్తి లూకా సువార్తను అచ్చు వేయించినవాడు కూడా ఆయనే. మిషనరీల మీద నాకు ఫిర్యాదులు లేకపోలేదు. దేవుణ్ణి మార్చమని చెప్పడానికి వచ్చినవాడు ఎదుటివాడి దేవుణ్ణి ఎంత నిదానంగా వింటాడన్న అనుమానం ఉంటుంది. కేన్ విన్నాడు. అందుకే ఆయన రాతలు ఇవాళ మతంతో పనిలేనివాళ్లకూ పనికొస్తున్నాయి.

కాబట్టి రెండు నమూనాలు. అడవి అంచున కేంద్రం ఒకటి, దాని చుట్టూ తిరిగే మనుషులు. మైదానంలో ఊరికొక గది, గదికొక పంతులు. ఈ రెండో దాన్ని ఒక పద్ధతిగా మార్చినవాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

అజరయ్య తిరునెల్వేలి వైపు తమిళుడు. 1903లో అక్కడివాళ్లు తెల్లవాళ్ల డబ్బు లేకుండా ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకుని, సేవకు ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం. బొగ్గు కోసం చీలిన రైలుపాయ ఆ పల్లెను జంక్షన్ చేసింది కదా, ఆ జంక్షనే తరువాత బిషప్పు పీఠం అయింది. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో అజరయ్యను బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. తెలుగు నేర్చుకుని, ఎద్దుబండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగాడు. 1935 నాటికి ఆయన మేత్రాసనంలో రెండు వేల మందికి పైగా పల్లె పంతుళ్లు ఉన్నారు. ఒక్కసారి ఆ అంకెను గదుల్లోకి మార్చి చూడండి. రెండు వేల లాంతర్లు, రెండు వేల బియ్యం బస్తాలు.

పంతులును తయారుచేసే పద్ధతిలోనే ఆయన ప్రత్యేకత ఉంది. చదువుకు వచ్చేవాడు భార్యను, పిల్లలను తీసుకురావాలి. చిన్న ఇళ్లలో కాపురం, పొలం పని, చదువు మూడూ కలిపే. భర్తతో పాటు భార్యకూ చదువు చెప్పేవారు. వాడలోని గదిలో పంతులు అబ్బాయిలకు పాఠం చెబితే ఆయన భార్య ఆడవాళ్లను కూర్చోబెట్టుకునేది. ఊళ్లో పైకులాలవాళ్లు కూడా 1920లు, 30ల్లో ఈ సంఘం వైపు తిరిగి చూడడానికి ఉపన్యాసాల కన్నా వాడలో మారిన ఇళ్ల తీరే కారణమని 1933లో సామూహిక మతాంతరణల మీద పుస్తకం రాసిన పికెట్ కూడా గమనించాడు.

ఆ గదుల తీరు డోర్నకల్ కెతీడ్రల్‌లో పెద్దదై కనబడుతుందని నా పట్టుదల. ఎపిఫనీ కెతీడ్రల్ కట్టడానికి పాతికేళ్లు పట్టింది. డబ్బు చాలక పని ఆగేది, కూడగానే సాగేది. 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగ నాడు ప్రతిష్ఠ జరిగింది. గోపురాలూ మినార్లూ మసీదు వైపు నుంచి, స్తంభాల మండపం గుడి వైపు నుంచి తెచ్చుకున్నారు; స్తంభాల మీద తామర, అరటిపువ్వు చెక్కారు. లండను నుంచి నకలు తెప్పించుకుని కూర్చోబెట్టిన గోథిక్ కమాను కాదు. అంతకు పద్నాలుగేళ్ల ముందు, 1924 క్రిస్మస్ నాడు, మెదక్‌లో వెస్లియన్లు ప్రతిష్ఠించిన చర్చి ఆకాశాన్ని చూపిస్తుంది. అందులోకి అడుగుపెడితే మెడ దానంతటదే పైకి లేస్తుంది. డోర్నకల్ చుట్టూ చూపిస్తుంది. ఏది గొప్పదని అడిగితే నేను డోర్నకల్‌కే ఓటు వేస్తాను, పక్షపాతమనుకున్నా సరే. అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశాడు. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆయన కలగన్న ఐక్యతను చూడడానికి ఆయన లేడు.

గదిలోంచి బడి ఎలా వెళ్లిపోయిందో చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. స్వాతంత్ర్యం తరువాత ఊరూరా సర్కారు బడులు వచ్చాయి. ఆ బడుల్లో వాడ పిల్లలకు చోటు చట్టం ఇచ్చింది, మనసు ఇవ్వడానికి ఇంకొంత కాలం పట్టింది. వాడలోని ఒంటిగది బడికి పంతుళ్లు తగ్గారు. కొన్ని గదులు బాలవాడీలయ్యాయి, కొన్ని కూలిపోయాయి, కొన్ని ఇలా కుర్చీల కొట్లయ్యాయి. తలుపు మీద పాత తాళం, దాని పక్కన కొత్త తాళం.

మేస్త్రి మధ్యాహ్నానికి పని దాదాపు ముగించాడు. పగిలిన పెంకులు ఇరవై తీసి, వేరే కూలిన ఇంటి నుంచి తెచ్చిన ఇరవై ఎక్కించాడు. వాటిలో ఒకటి తిరగేసి చూశాను. కామన్‌వెల్త్ ట్రస్ట్ అని ఉంది. అంటే ఇంకో పాతికేళ్ల తరువాత నాలాంటివాడు ఎవడైనా ఈ కప్పెక్కితే రెండు పేర్లు చూసి తల గోక్కుంటాడు.

నేను తిరగేసి పట్టుకున్న పెంకును పెద్దాయన అడిగి తీసుకున్నాడు. కండువాతో తుడిచి, కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. అంకెలు ఆయనకు కనబడవు, చేత్తో తడిమి చూశాడు. "అయితే ఇది బడి పుట్టిన ఏడు కాదంటవా?" అన్నాడు.

కాదన్నాను. రైలు వచ్చాకే, మీ నాయన పుట్టడానికి కాస్త అటూ ఇటూగా అయ్యుంటుందన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, పెంకును నిచ్చెన మీదున్న మేస్త్రికి అందించాడు. "అక్షరాలు కిందికి ఉండేటట్టు పెట్టరా. నీళ్లు పడితే చెరిగిపోతయ్."